మోటార్లు కొనే ముందు డయల్ గేజ్ పట్టుకోండి

పిల్లలూ,

చేత్తో తిప్పే మిల్లింగ్ మెషిన్‌ని ఇంట్లోనే సీఎన్‌సీగా, అంటే కంప్యూటర్ చెప్పినట్టు నడిచేదిగా, మార్చాలని అడిగారు. మంచి పనే. 1952లో ఎంఐటీ వాళ్ళు చూపించిన మొదటి ఎన్‌సీ (అంకెల ఆదేశాలతో నడిచే) మెషిన్ కూడా ఇలా మార్చిందే. సిన్సినాటి హైడ్రోటెల్ అనే మామూలు మెషిన్‌కి వాక్యూమ్ ట్యూబుల కంట్రోలు తగిలించి, చిల్లులు పొడిచిన కాగితపు టేపుతో నడిపారు.

అందరూ ముందు మోటార్లు కొంటారు. అక్కడే తప్పటడుగు. మోటారు స్క్రూని తిప్పుతుందే తప్ప మెషిన్‌లో ఉన్న లూజుని తియ్యదు. ముందు ఆ లూజెంతో కొలవండి. డయల్ గేజ్‌ని (సన్నటి కదలికని ముల్లుతో చూపే పరికరం) మాగ్నెట్ బేస్‌తో స్పిండిల్ తల మీద నిలబెట్టి, మొనని టేబుల్ అంచుకి ఆనించండి. చక్రం ఒకే వైపు తిప్పుతూ ముల్లు కదిలాక సున్నా పెట్టుకుని, ఇప్పుడు వెనక్కి తిప్పండి. ముల్లు మళ్ళీ కదిలేలోపు చక్రం ఎన్ని గీతలు ఊరికే తిరిగిందో అదే బ్యాక్‌లాష్. పాత స్క్రూల్లో 0.2 మి.మీ. వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చంటారు గానీ, కట్టర్ లాగినప్పుడు టేబుల్ ఆ సందులో దూకుతుంది. దాన్ని ఏ ప్రోగ్రామూ ఆపలేదు.

అందుకే బాల్ స్క్రూలు, అంటే నట్టు లోపల ఉక్కు గోళీలు దొర్లే స్క్రూలు. చిన్న మెషిన్‌కి 1605 రకం సరిపోతుంది, అంటే 16 మి.మీ. లావు, చుట్టుకి 5 మి.మీ. నడక. నట్టుని స్క్రూ మీంచి నేరుగా ఊడదీశారో, గోళీలన్నీ నేల పాలు! స్క్రూ గాడి లోపలి భాగం ఎంత లావో అంతే లావున్న గొట్టాన్ని స్క్రూ కొసకి ఆనించి, నట్టుని దాని మీదికి జరపండి. ఇంకో సంగతి: పాత స్క్రూ బరువుకి తనంతట తాను తిరగదు, బాల్ స్క్రూ తిరుగుతుంది. కరెంటు పోతే జెడ్ తల, అంటే పైకీ కిందికీ కదిలే తల, కిందికి జారుతుంది. దానికి బ్రేకున్న మోటారో, ఎదురు బరువో పెట్టాల్సిందే.

స్క్రూకి ఒక కొసన యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల (పొడుగునా వచ్చే నెట్టుడిని ఓర్చేవి) జత బిగించండి, రెండో కొసని వదులుగా తేలనివ్వండి. కొత్త స్క్రూ వేశాక కూడా లూజు కనబడితే నట్టుని తిట్టకండి. బేరింగ్ లాక్‌నట్టు, మోటారుని స్క్రూకి కలిపే కప్లింగ్ మరలు చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

లెక్క తేలికే. స్టెప్పర్ మోటారు చుట్టుకి 200 అడుగులు (స్టెప్పులు) వేస్తుంది, డ్రైవర్‌లో (మోటారుకి కరెంటు అందించి నడిపే పెట్టె) ఒక్కో అడుగుని 8 మైక్రోస్టెప్పులుగా విడగొడితే 1600. దాన్ని 5తో భాగిస్తే మి.మీ.కి 320 పల్సులు. 50 వోల్టులు తట్టుకునే డ్రైవర్‌కి 36 వోల్టుల సప్లై ఇవ్వండి. మోటారు ఆగేటప్పుడు వోల్టేజీని వెనక్కి తోస్తుంది, అందుకని అంచున నడపకూడదు. పవరుండగా మోటారు వైరు పీకితే డ్రైవర్ పోతుంది. ఎమర్జెన్సీ బటన్ సాఫ్ట్‌వేర్‌కి చెప్పి ఊరుకోకూడదు, డ్రైవర్ల కరెంటునే కొయ్యాలి. టేబుల్ హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్‌లు మామూలుగా మూసి ఉండే రకం వేయండి, వైరు తెగినా మెషిన్ ఆగుతుంది.

కొలత తప్పితే కంగారు పడకుండా తప్పు రకం చూడండర్రా. దూరం పెరిగేకొద్దీ అదే నిష్పత్తిలో పెరిగితే పల్సుల లెక్క తప్పు. దిశ మారినప్పుడల్లా ఒకే మోతాదులో వస్తే బ్యాక్‌లాష్. ప్రోగ్రాం నడిచేకొద్దీ పేరుకుపోతే మోటారు అడుగులు వదిలేస్తోంది. అప్పుడు గిబ్ (టేబుల్ జారే దారిలో సందు సర్దే పట్టీ) మరీ బిగిసిందేమో చూసి, యాక్సిలరేషన్ తగ్గించండి.

చివరగా అల్యూమినియం ముక్కలో 50 మి.మీ. గుండ్రం కోసి, అంచంతా గోటితో రాసి చూడండి. కుడి ఎడమల మెట్టు తగిలితే తప్పు టేబుల్‌ని కుడి ఎడమలకి నడిపే ఎక్స్‌ది, ముందూ వెనకా తగిలితే ముందుకీ వెనక్కీ నడిపే వైది.

మీ తాతయ్య