మీ క్లాసులో రెండో టీచర్

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఏడాది మీ క్లాసులో ఒకేసారి ఇద్దరు టీచర్లు ఉంటున్నారని, ఆ రెండో ఆవిడ "చదువు రానివాళ్ల కోసం" అని మీవాళ్లు అనుకుంటున్నారని రాశారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఒకప్పుడు ఆ రెండో టీచర్ని నేనే మరి.

సరిగా వినపడని ఒక పిల్లవాడి పక్కన నన్ను కూర్చోమన్నారు. ఏడాదంతా వాడి పక్కనే కుర్చీ వేసుకుని, టీచర్ చెప్పేదంతా రాసి చూపించేదాన్ని. ఎంతో సాయం చేస్తున్నాననుకున్నాను. పరీక్షలు దగ్గరపడ్డాక గానీ తెలియలేదు, వెనక బెంచీవాళ్లు వాడికేదైనా చెప్పాలంటే నాతో చెబుతున్నారు! వాడికీ తోటిపిల్లలకీ మధ్య అడ్డంగా కూర్చున్నది నేనే.

పిల్లలందరినీ మామూలు బడిలోనే చేర్చుకోవాలని 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాల ప్రతినిధులు కలిసి అన్నారు. అనడం బాగానే ఉంది. ఒక్క టీచర్ అన్ని రకాల పిల్లలకూ ఎలా అందుతారు? అందుకే ఇద్దరు. 1995లో లిన్ కుక్, మెరిలిన్ ఫ్రెండ్ అనే ఇద్దరు అమెరికా అధ్యాపకులు ఇలా కలిసి చెప్పే పద్ధతుల్ని వివరించారు. ఒకరు పాఠం చెబితే ఇంకొకరు సాయపడటం వాటిలో ఒకటి మాత్రమే. తేలిక కదా, చాలామంది అక్కడే ఆగిపోతారు. నేనూ అంతే.

భిన్నాల పాఠమే తీసుకోండి. క్లాసును రెండు సగాలు చేసి, ఇద్దరూ అదే పాఠం చెరో సగానికి చెప్పొచ్చు. నలభై మందిలో చెయ్యెత్తడానికి టెన్షన్ పడేవాడు ఇరవై మందిలో ఎత్తుతాడు. లేదంటే ఒక మూల కాగితం మడతపెట్టడం, ఇంకో మూల లెక్కలు చేయడం పెట్టి, పిల్లల్ని గుంపులుగా మార్చి మార్చి పంపొచ్చు. చూపు తక్కువున్న పిల్ల మడతలు తడిమి పావు, సగం తెలుసుకుంటుంది. లెక్క చకచకా చేసేసిన పిల్లాడు అదే కాగితం చూపించి "ఎందుకలా వచ్చింది?" అంటే నీళ్లు నములుతాడు. సాయం ఎవరికి కావాలో అప్పుడు చెప్పండి చూద్దాం!

కొందరిని పక్కకు తీసుకెళ్లి చెప్పే పద్ధతీ ఉంది. అక్కడే జాగ్రత్త కావాలి. రోజూ అవే మొహాలైతే వాళ్లకి పేరు పడిపోతుంది. జ్వరమొచ్చి పాఠం పోయినవాళ్లు, కష్టమైన లెక్కలు కావాలనేవాళ్లు కూడా ఆ గుంపులోకి వెళ్లాలి.

నాకు బాగా ఇష్టమైనది ఇద్దరూ బోర్డు దగ్గరే ఉండటం. ఒకరు చెబుతుంటే రెండోవారు, "అదేంటండీ, 4 కన్నా 8 పెద్దది కదా, 1/8 కన్నా 1/4 ఎలా పెద్దదవుతుంది?" అంటారు. మీరు అడగలేక మింగేసిన ప్రశ్నే అది.

ఇదంతా జరగాలంటే ఆ ఇద్దరూ ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. నాకు ఆ తీరిక ఎవరూ ఇవ్వలేదు. ఏ పాఠమో పిల్లలతోపాటే, క్లాసులోకి వచ్చాకే తెలిసేది.

ఒక పని చేయండి. వారం రోజులు ఇద్దరిలో బోర్డు దగ్గర ఎవరు ఎన్నిసార్లు నిలబడ్డారో, మీ నోట్సులు ఎవరు దిద్దారో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ అమ్మమ్మ