దుంగలు చీల్చే హైడ్రాలిక్ యంత్రం: బలం పుట్టించడం తేలిక, దాన్ని మోయడమే పని

కొయ్యను నార వెంబడి లాగితే ఎంతో గట్టిగా నిలుస్తుంది. అదే నారలను పక్కలకు విడదీయబోతే ఆ గట్టితనంలో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే మిగులుతుంది. కొన్ని జాతుల్లో ఇంకా తక్కువే. గొడ్డలికి దారి దొరికేది ఇక్కడే, హైడ్రాలిక్ స్ప్లిటర్‌కూ ఇక్కడే. అది కొయ్యను కోయదు. నారల మధ్య ఒక పగులు పుట్టించి, దాన్ని ముందుకు తోసుకుంటూ పోతుంది. పగులు మొదలయ్యేదాకా బలం కావాలి. ఆ తర్వాత నార తిన్నగా ఉన్న దుంగ వెడ్జ్ (చీల్చే ఉక్కు చీల) పూర్తిగా దిగకముందే విచ్చుకుంటుంది. కణుపు దగ్గర మాత్రం కొమ్మ నార కాండం నారకు అడ్డంగా పోతుంది కాబట్టి, అక్కడ వెడ్జ్ నారలను నిజంగానే తెంపాల్సి వస్తుంది. టన్నుల లెక్క అంతా ఆ కణుపు కోసమే.

ఆ టన్నులు రాబట్టడం కష్టం కాదు. పీడనాన్ని వైశాల్యంతో గుణిస్తే బలం వస్తుంది. 1795లో జోసెఫ్ బ్రామా పేటెంట్ తీసుకున్న హైడ్రాలిక్ ప్రెస్‌కూ, ఈ యంత్రానికీ ఆధారం ఒకటే. 100 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 170 బార్ (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) పీడనం దగ్గర అది దాదాపు 13.6 టన్నులతో తోస్తుంది. ఇంటి అవసరానికి కట్టెలు చీల్చుకునేవారికి ఇది చాలు. బోర్ పెంచే కొద్దీ అదే పంపుతో రాడ్ నెమ్మదిస్తుందని గుర్తుంచుకోవాలి. స్ట్రోక్ (రాడ్ ఒకసారి కదిలే దూరం) 600 మి.మీ., రాడ్ మందం 50 మి.మీ. ఉన్న సిలిండర్ తీసుకుందాం.

ఇంట్లో కట్టిన యంత్రాలు ఎక్కువగా దెబ్బతినేది పంపు ఎంపిక దగ్గరే. ఈ సిలిండర్‌ను చివరిదాకా నింపడానికి 4.7 లీటర్ల ఆయిల్ పడుతుంది. నిమిషానికి 42 లీటర్లు ఇచ్చే పంపైతే ఏడు సెకన్లలో రాడ్ పూర్తిగా బయటికొస్తుంది. కానీ ఆ ప్రవాహాన్నే 170 బార్ దగ్గర తొయ్యాలంటే నష్టాలు కలపకుండానే సుమారు 12 కిలోవాట్లు, అంటే 16 హార్స్‌పవర్ ఇంజన్ కావాలి. పోనీ 11 లీటర్ల చిన్న పంపు పెడితే చిన్న ఇంజన్ సరిపోతుంది గానీ, ఒక్కో స్ట్రోక్‌కు 25 సెకన్లు నిలబడి చూడాలి. దీనికి జవాబు రెండు దశల గేర్ పంపు. ఒకే షాఫ్ట్ మీద రెండు గేర్ జతలుంటాయి. దుంగను తాకేదాకా రెండూ కలిసి 42 లీటర్లు ఇస్తాయి. పీడనం 45 బార్ దాటగానే పెద్ద జత ఆయిల్‌ను ఒక అన్‌లోడర్ వాల్వ్ తిరిగి పంపు ఇన్‌లెట్ వైపు వదిలేస్తుంది, చిన్న జత ఒక్కటే 11 లీటర్లతో 170 బార్ దాకా తోస్తుంది. పీడనాన్ని బార్లలో, ప్రవాహాన్ని నిమిషానికి లీటర్లలో తీసుకుని, గుణించి, 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 45ను 42తో గుణించినా, 170ని 11తో గుణించినా ఇంచుమించు 3.1 కిలోవాట్లే. అందుకే ఆరున్నర హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజన్ రెండు దశలనూ తడబడకుండా లాగుతుంది. వెడ్జ్ దుంగను తాకిన క్షణంలోనే ఇంజన్ ఆగిపోతుంటే, అన్‌లోడర్ సెట్టింగ్ ఎక్కువగా ఉందని అనుమానించాలి.

ఇంజన్‌కూ పంపుకూ మధ్య రబ్బరు స్పైడర్ (మధ్యలో ఇమిడే మెత్త) ఉన్న జా కప్లింగ్ (పళ్లున్న రెండు సగాలు కలిసే జోడింపు) పెట్టాలి. రెండు సగాల మధ్య 2 మి.మీ. ఖాళీ వదలాలి. కప్లింగ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. ఆ దెబ్బ నేరుగా పంపు లోపలి గేర్ల మీద, వాటి పక్క ప్లేట్ల మీద పడుతుంది.

ఇక సిలిండర్‌నూ వెడ్జ్‌నూ మోసే ఉక్కు దూలం, బీమ్. 13.6 టన్నులు బీమ్ మధ్యలోంచి పోవు. సిలిండర్ పై ఫ్లాంజ్ (బీమ్ పైనున్న అడ్డపలక) మీద కూర్చుంటుంది కాబట్టి, బలం పోయే రేఖ బీమ్ మధ్యరేఖకు దాదాపు 160 మి.మీ. పైన ఉంటుంది. ఆ దూరమే బీమ్‌ను వంచుతుంది. పై ఫ్లాంజ్ సాగదీతకు లోనవుతుంది, వంపు ఒత్తిడికి నేరు లాగుడు కూడా తోడవుతుంది. 150 మి.మీ. వెడల్పు ఫ్లాంజ్ ఉన్న బీమ్‌లలోనే మీటరుకు 22 కిలోలు తూగే తేలికరకం తీసుకుంటే, పై అంచున ఒత్తిడి సుమారు 180 మెగాపాస్కల్స్ అవుతుంది. మామూలు స్టీల్ 250 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. మీటరుకు 37 కిలోల రకంలో అదే ఒత్తిడి 106కు దిగుతుంది. కాగితం మీద రెండూ నిలిచేవే. అయితే కణుపు వెడ్జ్ పై అంచున చిక్కుకున్నప్పుడు బలం రేఖ ఇంకా పైకి జరుగుతుంది, దుంగ పక్కకు ఒరిగితే మెలిక కూడా వస్తుంది. బరువైన బీమే తీసుకోవాలి. సన్నని ఫ్లాంజ్ ఉన్న ఐ-బీమ్ మెలికకు అసలు నిలవదు.

వెడ్జ్‌ను బీమ్ చివర స్థిరంగా వెల్డ్ చేసి, సిలిండర్ రాడ్‌తో తోపుడు ప్లేటును నడిపించడం కట్టడానికి సులువు. వెడ్జ్ ఎత్తు 200 మి.మీ., అడుగు పొడవు కనీసం 250 మి.మీ. ఉండాలి. ముందు అంచు వెల్డే అన్నిటికన్నా ఎక్కువ లాగుడు భరిస్తుంది. అందుకని అడుగు అంచును వాలుగా గ్రైండ్ చేసి, తడి తగలని 7018 రకం వెల్డింగ్ ఎలక్ట్రోడ్‌తో పొరలు పొరలుగా నింపాలి. వెడ్జ్ కోణం 30 డిగ్రీలు, ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, సిలిండర్ పెట్టే బలంలో సగానికి పైగా కొయ్య రాపిడికే పోతుంది. కాబట్టి మొదటి 60 మి.మీ. సన్నని బ్లేడ్‌గా ఉంచి, ఆ వెనక రెక్కలు విచ్చుకునేలా చేయడం మేలు. పగులు పుట్టేదాకా రాపిడి తగ్గుతుంది, పుట్టాక రెక్కలు దాన్ని తెరుస్తాయి. రాడ్ పూర్తిగా చాచినా తోపుడు ప్లేటుకూ వెడ్జ్ అంచుకూ మధ్య 15 మి.మీ. మిగలాలి. చీలకుండా మిగిలిన ఆ కాస్త నారను తర్వాతి దుంగ తోసేస్తుంది. ప్లేటు వెడ్జ్‌ను గుద్దుకునేలా కడితే మాత్రం మొత్తం 13.6 టన్నులూ మీ వెల్డింగ్ మీదే పడతాయి.

సిలిండర్‌ను ఎప్పుడూ పిన్ మీదే బిగించాలి. ట్యూబ్‌కు నేరుగా వెల్డ్ పెడితే బోర్ వంకరపోతుంది, సీళ్లు కాలిపోతాయి. కదలికకు చోటు లేకపోతే పక్క ఒత్తిడికి రాడ్ సీల్ అరిగిపోతుంది. రెండు చెవుల మధ్య పట్టిన 25 మి.మీ. పిన్ మీద కోత ఒత్తిడి 136 మెగాపాస్కల్స్, మైల్డ్ స్టీల్‌కు అది ఎక్కువ. 30 మి.మీ.కి పెంచితే 94కు దిగుతుంది.

ట్యాంకు 40 లీటర్లది, పంపు కన్నా ఎత్తులో ఉండాలి. సక్షన్ గొట్టం (ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ తెచ్చేది) కనీసం 25 మి.మీ., పొట్టిగా, లోపల తీగచుట్ట ఉన్నది. 19 మి.మీ. గొట్టం పెడితే ఆయిల్ వేగం సెకనుకు రెండున్నర మీటర్లకు చేరుతుంది, పంపుకు ఆయిల్ అందదు. అప్పుడు పుట్టే శూన్యపు బుడగలు గేర్ల దగ్గర పేలి లోహాన్ని గుంటలు పెడతాయి. గరగరమని అరిచే పంపు చెప్పేది ఇదే, లేదా ఎక్కడో గాలి పీలుస్తోందని. రిటర్న్ గొట్టాన్ని చిన్నది చేయకూడదు: రాడ్ వెనక్కి వచ్చేటప్పుడు పంపు ఇచ్చే 42 లీటర్లకు బదులు 56 లీటర్ల వేగంతో ఆయిల్ ట్యాంకుకు వస్తుంది. దాని మూతి ఆయిల్ మట్టం కింద ఉండాలి, లేకపోతే నురగే. పీడనం గొట్టాల్లో అరంగుళం ఆర్1 రకానికి (ఒక తీగ అల్లికది) పని పీడనం 160 బార్ మాత్రమే. రెండు తీగ అల్లికల ఆర్2 రకం 275 బార్ దాకా తట్టుకుంటుంది, అదే వాడాలి. జాయింట్లకు టెఫ్లాన్ టేపు వద్దు. దాని పోగు ఒకటి వాల్వ్ స్పూల్‌లో (లీవర్ కదిపే లోపలి కడ్డీలో) ఇరుక్కుంటే చాలు, లీవర్ మధ్యకు రాదు. వెచ్చని వాతావరణానికి వీజీ 46, చలికి వీజీ 32 (వీజీ అంటే చిక్కదనం తరగతి) హైడ్రాలిక్ ఆయిల్ సరిపోతుంది.

రాడ్‌ను నడిపే లీవర్ వాల్వ్ ఓపెన్ సెంటర్ రకానిది (లీవర్ మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్‌ను ట్యాంకుకు తిరిగి పోనిచ్చేది) కావాలి. ముందుకు తోసేటప్పుడు చెయ్యి వదిలితే ఆగిపోవాలి, వెనక్కి వచ్చేటప్పుడు మాత్రమే లీవర్ తానుగా నిలవాలి. ముందుకు కూడా లాక్ అయ్యేలా మార్చుకునేవారున్నారు. వేళ్లు పోయేది అలాగే.

మొదటిసారి ఇంజన్ స్టార్ట్ చేసేముందు స్పార్క్ ప్లగ్ తీగ తీసి, తాడు పదిసార్లు లాగి పంపును ఆయిల్‌తో తడపాలి. తర్వాత రిలీఫ్ వాల్వ్‌ను (పీడనం హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసేది) బాగా వదులు చేసి, లోడు లేకుండా ఐదారు పూర్తి స్ట్రోక్‌లు నడిపి, రాడ్ లోపలికి వచ్చాక ఆయిల్ మట్టం చూసుకోవాలి. గేజ్ చూస్తూ, రాడ్ చివర్లో రెండేసి సెకన్లు మాత్రమే పట్టి, 170 బార్ దాకా మెల్లగా బిగించాలి.

కొన్నాళ్లకు బలం తగ్గితే పంపు కొనేముందు పిస్టన్ సీల్‌ను పరీక్షించండి. రాడ్ పూర్తిగా చాచి, ఇంజన్ ఆపి, లీవర్‌ను అటూ ఇటూ కదిపి పీడనం పోగొట్టాలి. రాడ్ వైపు గొట్టం విప్పి దాని మూతి మూసేసి, సిలిండర్ పోర్టు నుంచి మరో గొట్టాన్ని బకెట్‌లోకి వదలాలి. మళ్లీ ముందుకు తోస్తే ఆ గొట్టంలోంచి ఆయిల్ ఆగకుండా కారుతుంటే సీల్ పోయినట్టే. కారకుండా గేజ్ మాత్రం తక్కువ చూపిస్తే తప్పు రిలీఫ్ వాల్వ్‌లోనో పంపులోనో ఉంది. గొట్టాల్లో సన్నని లీకు కోసం వెతికేటప్పుడు చెయ్యి పెట్టొద్దు, అట్టముక్క ఆనించి చూడండి. 170 బార్ దగ్గర సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనబడినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఇది హైడ్రాలిక్ ఆయిల్ అని డాక్టర్‌కు చెప్పాలి.