ముక్కులో పుల్ల, గొంతులో పుల్ల

చిన్నీ, బంటీ,

ఫ్లూ, కరోనా పరీక్షకు ముక్కులో పెట్టే పుల్ల మెదడు దాకా పోతుందని క్లాసులో ఎవరో చెప్పారట, మీ అమ్మ ఫోన్‌లో అంది. ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన తాతయ్యను నేనుండగా వేరేవాళ్లను అడగడమేంట్రా?

ముక్కులో దారి పైకి ఉండదు. అంగిలి మీదుగా నేరుగా వెనక్కి పోయి గొంతులో కలుస్తుంది. అందుకే పుల్లను పైకి పొడవరు, అడ్డంగా పట్టుకుని మెల్లగా లోపలికి జరుపుతారు. ముక్కు నుంచి చెవి దాకా ఉన్న దూరంలో సగమో, కాస్త ఎక్కువో. అక్కడ కొన్ని సెకన్లు తిప్పి తీసేస్తారు. కళ్లలో నీళ్లొస్తాయి, తుమ్మొస్తుంది. అది ఏడుపు కాదు, ముక్కు చేసే పని. బంటీ సిగ్గుపడక్కర్లేదు. తల కదపకుండా ఉంటే చాలు.

అంత లోపలికి ఎందుకంటే ఫ్లూ, కరోనా వైరస్‌లు పెరిగేది అక్కడి కణాల్లో. పుల్ల చివర ఉండేది దూది కాదు, సన్నటి నైలాన్ నూగు. దూది, చెక్కపుల్ల వాడితే పీసీఆర్ పరీక్ష దెబ్బతినొచ్చు. పీసీఆర్ అంటే వైరస్ జన్యుపదార్థంలో ఒక ముక్కను మళ్లీ మళ్లీ రెట్టింపు చేయడం. ముప్పైసార్లు రెట్టిస్తే ఒక్కటి వంద కోట్లు దాటుతుంది, కావాలంటే లెక్కేసి చూడండి! ఈ ఉపాయం 1983లో కారీ మల్లిస్ అనే శాస్త్రవేత్తకు తట్టింది, 1993లో నోబెల్ వచ్చింది. పావుగంటలో తేలే ర్యాపిడ్ కిట్‌లో ఈ రెట్టింపు ఉండదు. అందుకే వైరస్ తక్కువగా ఉంటే దానికి దొరకదు.

చిన్నికి రేపు చేసేది గొంతు పరీక్ష, దాని కథ వేరు. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉందేమో చూస్తారు. 'ఆ' అని నోరు తెరిస్తే టాన్సిల్స్ మీద, గొంతు వెనక గోడ మీద పుల్లతో రుద్దుతారు. నాలుకకు తగిలితే శాంపిల్ పాడవుతుంది. డోకు వచ్చినట్టుంటుంది కాబట్టి కడుపునిండా తిని వెళ్లకు. ఆ శాంపిల్‌ను రక్తం కలిపిన జెల్లీ ప్లేటు మీద రాసి వెచ్చగా ఉంచితే మర్నాటికి చిన్న చుక్కలు, వాటి చుట్టూ తేటగా వలయాలు కనిపిస్తాయి. నాకు ల్యాబ్‌లో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే.

ఈ బ్యాక్టీరియాను వదిలేస్తే కొందరు పిల్లల్లో కీళ్లవాపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. వైరస్ అయితే యాంటీబయాటిక్ దండగ. అందుకే పరీక్ష అయ్యేదాకా ఇంట్లో మిగిలిన మాత్రలేవీ వేయొద్దని అమ్మతో చెప్పు, ముందే వేస్తే ప్లేటు మీద ఏమీ మొలవకపోవచ్చు. డాక్టరు పది రోజుల మందు రాస్తే మూడోరోజుకే గొంతు బాగుందని ఆపకు. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపండి.

మీ తాతయ్య