ఫోర్ వీల్ డ్రైవ్ బండికి అదనపు ఎల్ఈడీ దీపాలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు జేసీ రోడ్డులో పొద్దున దీపాలు కొని, మధ్యాహ్నానికల్లా నా షెడ్డు ముందు బండి ఆపే తెలుగువారు వారానికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. థార్, జిమ్నీ, గూర్ఖా, వీ-క్రాస్ వంటి బండ్లే ఎక్కువ. సకలేశపుర కనుమల్లోనో, సొంతూరికి వెళ్లే మట్టిదారిలోనో ఉన్న హెడ్‌లైట్లు చాలడం లేదన్నది వారి ఫిర్యాదు, అందులో తప్పు లేదు. అయితే దీపాన్ని ఎంచుకోవడానికి నెల రోజులు వెచ్చించినవారు సైతం దానికి వేసే తీగ గురించి ఒక్క ప్రశ్నయినా అడగరు. బిగించిన దీపాలు వెలగడం లేదని నా దగ్గరకు వచ్చిన బండ్లలో దీపమే చెడిపోయినవి తక్కువ. తీగలోనో, ఫ్యూజులోనో, ఎర్త్‌లోనో (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి), అతుకులోనో లోపం ఉన్నవే ఎక్కువ. అందుకే ఈ అపోహలలో అధికభాగం తీగ చుట్టూ తిరిగేవే.

అపోహ: మాటిమాటికీ ఫ్యూజు పోతుంటే, అంతకంటే పెద్ద ఫ్యూజు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఫ్యూజు ఉన్నది దీపాన్ని కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. తీగ ఎంత కరెంటును వేడెక్కకుండా మోయగలదో అంతకు లోబడి ఫ్యూజు ఉండాలి తప్ప, దీపం ఆరిపోకుండా ఉండటానికి ఎంత కావాలో చూసి ఫ్యూజు వేయకూడదు.

కిందటి వర్షాకాలంలో ఒక పికప్ బండి వచ్చింది. "అన్నా, లైట్లు బాగానే వెలుగుతున్నాయి గానీ, ఏసీ వేస్తే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది" అన్నారు యజమాని. దారిలో 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు రెండుసార్లు పోతే, హైవే పక్కన ఎవరో 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు వేసి పంపారట. బానెట్ ఎత్తి చూస్తే, తీగలకు తొడిగిన నల్లటి ముడతల గొట్టం ఒకచోట లోపలికి కుంగిపోయి ఉంది. బ్లేడుతో చీల్చితే ఎర్ర తీగ తొడుగు, నల్ల తీగ తొడుగు కరిగి ఒకే ముద్దగా అతుక్కుపోయాయి, లోపలి రాగి నల్లబడింది. ఇంజనుకు, క్యాబినుకు మధ్య ఉన్న రేకులో గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు వలయం) లేకుండా తీగను దూర్చినందువల్ల, రేకు అంచు రాసుకుని రాసుకుని తొడుగు తెగి, తీగ బాడీకి అరకొరగా తగులుతూ వచ్చింది. నీలం ఫ్యూజు రెండుసార్లు పోయి చెప్పింది ఆ సంగతే. ఇంత జరిగినా ఆకుపచ్చ ఫ్యూజు మాత్రం పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు చెక్కుచెదరకుండా ఉంది. ఫ్యూజు పోవడం రోగం కాదు, రోగ లక్షణం.

ఫ్యూజు ఎంతది అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న తీగకు ఏ రక్షణా ఉండదు గనుక ఆ దూరం జానెడుకు మించకుండా చూస్తాను. దీపం పక్కన ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి రెండు మీటర్ల తీగను రక్షణ లేకుండా వదిలేసిన బండ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

అపోహ: ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి సన్న తీగ చాలు.

వాస్తవం: పాత హాలోజన్‌తో పోలిస్తే అదే వెలుగుకు ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుందన్నది నిజమే. కానీ మనవాళ్లు అదే వెలుగుతో ఆగరు గదా! నిజంగా 120 వాట్లు తీసుకునే లైట్‌బార్‌ను (వరుసగా ఎల్ఈడీలున్న పొడవాటి దీపం) పైకప్పు మీద పెట్టారనుకుందాం. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.5 వోల్టుల వద్ద అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి పైకప్పుకు నాలుగు మీటర్లు, తిరుగు దారి కూడా తీగతోనే అయితే మరో నాలుగు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 17 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉంటుంది గనుక, ఎనిమిది మీటర్లలో 1.2 వోల్టులకు పైగా దారిలోనే పోతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది అర వోల్టు, 4 వేస్తే సుమారు 0.3 వోల్టు.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ తగ్గితే అది మసకబారి ఊరుకుంటుంది. మంచి ఎల్ఈడీ దీపంలో కరెంటును అదుపుచేసే డ్రైవర్ సర్క్యూట్ అలా ఊరుకోదు. వోల్టేజీ తగ్గిన కొద్దీ అదే వాటేజీ నిలబెట్టుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటుకు సన్న తీగ మరింత వేడెక్కుతుంది. దీపం వెలుగు తగ్గలేదు కాబట్టి తీగ బాగానే ఉందని మనం అనుకుంటూ ఉంటాం.

తీగ కొనేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే తీగ బజారులో రాగి తీగ పక్కనే, చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. ఒక్క పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. దీపాలతో పాటు పెట్టెలో ఉచితంగా వచ్చే వైరింగ్ సెట్లను నేను ఈ పరీక్ష చేయకుండా వాడను.

అపోహ: పెట్టె మీద 300 వాట్లని ఉంటే అది 300 వాట్ల దీపమే.

వాస్తవం: తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ వేసి చూస్తే 4.5 ఆంపియర్లు చూపించిన "300 వాట్ల" దీపాలు నా బల్ల మీదికి వచ్చాయి. 13.5తో గుణించుకుంటే అవి 60 వాట్లే. లోపలి ఒక్కో చిప్ గరిష్ఠంగా తట్టుకోగల వాట్లను కూడి పెట్టె మీద అచ్చువేస్తారు. ఫ్యూజును, తీగను లెక్కగట్టాల్సింది మీటరు చూపిన అంకెతోనే గానీ పెట్టె మీది అంకెతో కాదు.

అపోహ: రిలే పెడితే వెలుగు పెరుగుతుంది, ఎల్ఈడీకి రిలే అవసరమే లేదు.

వాస్తవం: ఒకదానికొకటి పొసగని ఈ రెండు మాటలనూ ఒకే మనిషి నోట విన్నాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు మాత్రమే. 30 నంబరు కాలికి ఫ్యూజు ద్వారా బ్యాటరీ, 87కు దీపం, 86కు స్విచ్చు నుంచి వచ్చే తీగ, 85కు ఎర్త్. ఈ స్విచ్చును లోపల లాగే తీగచుట్ట, అంటే 85, 86ల మధ్య ఉన్న కాయిల్, తీసుకునేది దాదాపు 0.15 ఆంపియర్ మాత్రమే. పాత వైరింగ్‌లో సన్న తీగ, చిన్న స్విచ్చు గుండా పోయే కరెంటు ఇప్పుడు లావు తీగలో పోతుంది గనుక వెలుగు పెరిగినట్టు అనిపించవచ్చు, ఆ గొప్పతనం తీగది. రెండు 18 వాట్ల చిన్న దీపాలకైతే మూడు ఆంపియర్లు కూడా దాటవు గనుక, తగిన స్విచ్చు ఉంటే రిలే లేకపోయినా ప్రమాదం లేదని నేనే చెబుతాను. అంతకు మించితే మాత్రం రిలే తప్పనిసరి.

ఇక కాయిల్‌కు కరెంటు ఎక్కడి నుంచి తీయాలన్నది అసలు చిక్కు. హైబీమ్ తీగను గిల్లి అక్కడి నుంచి దీపాలకే నేరుగా కరెంటు తీసే పద్ధతి పాత బండ్లలో ఏదోలా చెల్లింది. కొత్త బండ్లలో హెడ్‌లైట్లను నడిపేది కంప్యూటరు మాడ్యూల్. అది తీగలో పోతున్న కరెంటును కనిపెడుతూ ఉంటుంది, లెక్క తప్పితే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగిస్తుంది, లేదా ఆ లైటునే ఆపేస్తుంది. కొన్నింటిలో హెడ్‌లైటుకు కరెంటు ఏకధాటిగా కాక తునకలు తునకలుగా వెళుతుంది, దానికి రిలే కలిపితే టకటకా కొట్టుకుంటుంది. అలాంటి బండికి ఇగ్నిషన్‌తో పాటు ఆరిపోయే ఒక ఫ్యూజు నుంచి, విడి స్విచ్చు ద్వారా కాయిల్‌కు కరెంటు ఇవ్వడం నా పద్ధతి. ఇగ్నిషన్‌తో ముడిపెట్టకుండా బ్యాటరీకే కలిపి స్విచ్చు మరిచిపోతే, దీపాల సంగతి అటుంచి, ఆ కాయిల్ ఒక్కటే రోజుకు 3.6 ఆంపియర్-అవర్లు తాగేస్తుంది. మరో మాట: కాయిల్ ఆరిన క్షణంలో వెనక్కి తన్నే వోల్టేజీ నుంచి మాడ్యూల్‌ను కాపాడటానికి డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ఉన్న రిలే వాడుతున్నట్లయితే 85, 86లను తారుమారు చేయకూడదు.

అపోహ: టంకం వేసిన అతుకే అన్నిటికంటే గట్టిది.

వాస్తవం: ఇంట్లో రేడియో బాగుచేసేవారికి ఇది నిజం. గతుకుల దారిలో అదిరే బండిలో మాత్రం కరిగిన టంకం పోగుల మధ్యలోకి పాకి తీగను పుల్లలా బిరుసెక్కిస్తుంది; ఆ బిరుసు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే తీగ కదలాడి తెగుతుంది. సరైన పనిముట్టుతో నొక్కిన లగ్గు (తీగ చివర తొడిగే లోహపు ముక్క), దానిమీద లోపల జిగురుండి వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ స్లీవు వేస్తే చాలాకాలం నిలుస్తుంది. కటింగ్ ప్లయర్‌తో నొక్కి నల్లటేపు చుట్టినది ఒక ఎండాకాలం గడిచేసరికి జిగురు కారి ఊడివస్తుంది.

అపోహ: ఐపీ67 దీపంలోకి నీరు చేరదు.

వాస్తవం: ఆ అంకెకు అర్థం ఒక మీటరు లోతు నీటిలో ముప్పై నిమిషాలు ఉంచే పరీక్షకు తట్టుకుందని. ఆ పరీక్షలో దీపం అరగంట వెలిగి కాలుతున్నదిగా ఉండదు. వేడెక్కిన దీపాన్ని చల్లటి వాగులో దింపితే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకోవడానికి చూస్తుంది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బాగానే ఉన్నా, వెనుక తీగ చివరి అతుకు తెరిచి ఉంటే పోగుల సందుల్లోంచే నీరు లోపలికి పాకుతుంది. అద్దం లోపల ఆవిరి పట్టిందని తెచ్చిన దీపాలకు నేను ముందుగా తీగ చివరే చూస్తాను.

అపోహ: పొగమంచును చీల్చేది పసుపు వెలుగే.

వాస్తవం: మంచు తుంపరలు వెలుగు తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. మంచులో పనికొచ్చేది రంగు కాదు. దీపం నేలకు దగ్గరగా ఉండటం, వెలుగు పైకి లేవకుండా అడ్డంగా పరుచుకోవడం. ఫ్రాన్సులో 1993 వరకు పసుపు హెడ్‌లైట్లే తప్పనిసరిగా ఉండేవి, తర్వాత మిగతా ఐరోపా దారిలోకి వచ్చారు. నీలిఛాయ ఉన్న తెలుపు కంటే పసుపు కంటికి హాయిగా ఉంటుందంటే కాదనను. నంది కొండ మీద నా సొంత బండికి ఉన్నవీ పసుపువే. పైకప్పు మీది లైట్‌బార్ మాత్రం ఏ రంగుదైనా మంచులో ముందు తెల్లగోడ కట్టినట్టే ఉంటుంది.

అపోహ: ఊళ్లో దీపాలకు మూత తొడిగి ఉంచితే చట్టంతో పేచీ ఉండదు.

వాస్తవం: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 111వ నియమం ముందువైపుకు స్పాట్‌లైటు గానీ సెర్చ్‌లైటు గానీ అమర్చడాన్నే నిషేధిస్తుంది, ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉంటేనే మినహాయింపు. అందులోని మాట అమర్చడం గురించి, వెలిగించడం గురించి కాదు. పైగా 2024 జులై నుంచి కర్ణాటక పోలీసులు కళ్లు చెదిరే ఎల్ఈడీ దీపాలపై రాష్ట్రమంతటా కేసులు పెట్టడం మొదలుపెట్టారు. నేను ఈ మాట చెప్పాక పని వద్దని వెళ్లిపోయినవారు ఉన్నారు, వారి మీద నాకు కోపం లేదు.

అపోహ: ఎర్త్‌దేముంది, బాడీకి ఎక్కడ తగిలించినా ఒకటే.

వాస్తవం: పెయింటు మీద స్క్రూ బిగిస్తే కరెంటు పోయేది ఆ స్క్రూ మరల గుండా మాత్రమే. లోహం మెరిసేదాకా గీకి, లగ్గు పెట్టి, పళ్ల వాషరుతో బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూయాలి. బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సర్ పెట్టె ఉన్న బండ్లలో మాత్రం మన ఎర్త్‌ను నేరుగా ఆ పోస్టుకు కలపకూడదు. సెన్సర్‌ను తప్పించి పోయిన కరెంటు దాని లెక్కలోకి రాదు, బ్యాటరీలో ఛార్జి ఎంత ఉందన్న దాని అంచనా తప్పుతుంది. ఎర్త్ ఛాసిస్ వైపే ఉండాలి.

పని ముగిశాక ఇంజను నడుస్తుండగా దీపాలు వెలిగించి, మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది దీపం పాజిటివ్ మీద ఉంచుతాను. తర్వాత రెండు నెగటివ్‌ల మధ్య అలాగే చూస్తాను. రెండూ కలిపి అర వోల్టు దాటితే బండి ఇవ్వను. ఇరవై నిమిషాలు వెలగనిచ్చి ఫ్యూజు హోల్డరును, రిలే కాళ్ల దగ్గరి తీగలను వేళ్లతో పట్టుకుని చూస్తాను. గోరువెచ్చగా ఉంటే సరే, పట్టుకున్న వేళ్లు వాటంతట అవే వెనక్కి వచ్చాయంటే ఎక్కడో లగ్గు సరిగా నొక్కలేదని అర్థం, మళ్లీ మొదటి నుంచి విప్పుతాను.