వీడియో రీప్లే వస్తే రెఫరీ గొడవలు తీరుతాయా? అపోహలు – వాస్తవాలు

నేను వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల జరిగే స్కూలు, కాలేజీ, క్లబ్ ఫుట్‌బాల్ పోటీలకు రెఫరీగా పనిచేస్తుంటాను. కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో కానీ, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కానీ ఒక పెనాల్టీ ఇచ్చినా, ఇవ్వకపోయినా, మ్యాచ్ అయ్యాక ఎవరో ఒకరు "వీఏఆర్ ఉంటే అసలు సంగతి తెల్సేది గద సార్" అనకుండా ఉండరు. వీఏఆర్ అంటే మ్యాచ్ వీడియోను తెరల మీద చూస్తూ మైదానంలోని రెఫరీకి సాయపడే పద్ధతి. ఫుట్‌బాల్‌లో ఇలాంటి వీడియో సమీక్ష ఉండాలన్నదే నా అభిప్రాయం కూడా. అయితే కంటికి అందని దాన్ని వీడియో చూపించగలదే తప్ప, కంటికి కనిపించిన దాన్ని ఫౌల్ అనాలా, మామూలు ఆట అనాలా అన్నది తేల్చలేదు. ఈ రెండు పనులనూ ఒకటిగా అనుకోవడం వల్లనే అపోహలు చాలావరకు పుడుతున్నాయి.

అపోహ: క్రికెట్‌లో డీఆర్‌ఎస్ లాగే కెప్టెన్ అడిగితే రీప్లే చూస్తారు.

వాస్తవం: వీఏఆర్ పద్ధతిలో ఆటగాడికి కానీ, కోచ్‌కు కానీ సమీక్ష కోరే హక్కు లేదు. తెరల ముందు కూర్చున్న వీడియో అసిస్టెంట్ రెఫరీ ప్రతి గోల్‌నూ, పెనాల్టీకి అవకాశమున్న ప్రతి ఘటననూ తనంతట తానే పరిశీలిస్తుంటారు. ఆట నియమాలను నిర్ణయించే ఐఎఫ్‌ఏబీ 2018లో దీన్ని నియమావళిలో చేర్చినప్పుడు గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం అనే నాలుగు సందర్భాలకే పరిమితం చేసింది. వాటిలోనూ రెఫరీ నిర్ణయం ఎవరు చూసినా తప్పని చెప్పేంత స్పష్టంగా తప్పయి ఉండాలి, లేదా తీవ్రమైన ఘటన ఏదైనా రెఫరీ కంట పడకుండా పోయి ఉండాలి. చివరి మాట మైదానంలోని రెఫరీదే. చేతులతో టీవీ ఆకారం గీస్తూ పదేపదే మీదికి వచ్చే ఆటగాడికి ఎల్లో కార్డు చూపాలన్నది కూడా నియమమే. కెమెరా ఒక్కటీ లేని మన మ్యాచ్‌లలోనూ కుర్రాళ్లు ఆ ఆకారం గీస్తుంటే నవ్వు ఆపుకోవడం కష్టం.

అపోహ: కెమెరా అబద్ధం చెప్పదు.

వాస్తవం: కెమెరా ఎక్కడ నిలబడిందన్న దాన్ని బట్టే అది చెప్పే నిజం ఉంటుంది. 2022 ఖతార్ ప్రపంచకప్‌లో జపాన్–స్పెయిన్ మ్యాచ్‌లో జపాన్ ఆటగాడు మితోమా గోల్ లైన్ దగ్గర నుంచి వెనక్కి తన్నిన బంతిని సహచరుడు తనకా గోల్ చేసినప్పుడు, పక్క నుంచి తీసిన దృశ్యంలో బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి స్పష్టంగా కనిపించింది. పైనుంచి తీసిన ఫొటోలో మాత్రం బంతి అంచు గీత మీదికి వచ్చే ఉంది. బంతి నేలను తాకిన చోటును కాక, గుండ్రటి బంతి మొత్తాన్నీ లెక్కలోకి తీసుకోవాలి, అది మొత్తంగా గీత దాటితేనే బయటికి పోయినట్టు కాబట్టి ఆ గోల్ సరైనదే.

ఆఫ్‌సైడ్ (పాస్ చేసిన క్షణంలో బంతి కంటే, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండో ఆటగాడి కంటే ముందుకు వెళ్లి గోల్ లైన్‌కు దగ్గరగా ఉండటం) విషయంలో చిక్కు ఇంకో రకమైనది. సెకనుకు 50 చిత్రాలు తీసే కెమెరాలో ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మధ్య సెకనులో 50వ వంతు గడుస్తుంది. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరుగెత్తే ఫార్వర్డ్ ఆ లోపల 14 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. బంతిని పాస్ చేసిన క్షణం ఏ చిత్రంలో ఉందో ఎంచుకోవడంలో ఒక్క చిత్రం తేడా వచ్చినా, తెర మీద గీసిన గీత ఎంత సన్నగా ఉన్నా ప్రయోజనం లేదు. ఈ లోటు తీర్చడానికే ఖతార్‌లో స్టేడియం కప్పు కింద 12 ట్రాకింగ్ కెమెరాలు పెట్టి ఒక్కో ఆటగాడి శరీరంలో 29 బిందువులను అనుసరించారు. బంతి లోపల పెట్టిన సెన్సార్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. ఇంత సరంజామా లేని చోట భుజం ముందుందా, మోకాలు ముందుందా అన్న వాదనకు రీప్లే తీర్పు చెప్పగలదని నేను నమ్మను.

అపోహ: స్లో మోషన్‌లో చూస్తే నిజం బయటపడుతుంది.

వాస్తవం: స్లో మోషన్‌లో ప్రతి ట్యాకిల్ (ఎదుటివాడి దగ్గరున్న బంతి కోసం కాలు వేయడం) హత్యాయత్నంలాగే కనిపిస్తుంది. అందుకే కాలు ఎక్కడ తగిలింది, బంతి చేతికి తగిలిందా లేదా వంటి విషయాలకే దాన్ని వాడాలనీ, దెబ్బ తీవ్రతనూ, హ్యాండ్‌బాల్ తప్పా కాదా అన్నదాన్నీ మామూలు వేగంలో చూసే నిర్ణయించాలనీ వీఏఆర్ నిబంధనలు చెబుతున్నాయి. వేగం తగ్గించి చూస్తే చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఆటగాడికి బోలెడు సమయం ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి అతనికి దొరికింది రెప్పపాటే. 2018 ప్రపంచకప్ ఫైనల్‌లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలిన ఘటనను రెఫరీ పిటానా తెర దగ్గరికి వెళ్లి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వెళ్లి చూసి ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చారు. బంతి చేతికి తగిలిందన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. అది పెనాల్టీ అవునా కాదా అన్న వాదన మాత్రం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అపోహ: వీఏఆర్ ఉంటే పొరపాటు జరగదు, జరిగినా సరిదిద్దవచ్చు.

వాస్తవం: 2023 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ చేసిన గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్ అన్నారు. వీడియో గదిలో ఉన్నవారు అతను ఆన్‌సైడ్ అని సరిగ్గానే చూశారు కానీ, మైదానంలో గోల్ ఇచ్చారనుకుని పరిశీలన పూర్తయిందని చెప్పేశారు. పొరపాటు తెలిసేసరికి ఆట మొదలైపోయింది, మొదలయ్యాక అలాంటి నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడానికి నియమం ఒప్పుకోదు.

అపోహ: ఇదంతా ఆటను ఆపడానికే, లేకపోయినా నష్టం లేదు.

వాస్తవం: ఆలస్యం జరుగుతుందన్నది నిజమే. సమీక్షకు కాలపరిమితి లేదు, స్టేడియంలో కూర్చున్నవారికి చాలాసార్లు ఏం జరుగుతోందో సరిగా తెలియదు కూడా. అయితే 2024 జూన్ 11న దోహాలో మనకు జరిగింది గుర్తు చేసుకోవాలి. ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో ఛాంగ్టే గోల్‌తో భారత్ 1–0 ఆధిక్యంలో ఉన్నప్పుడు, గోల్ లైన్ దాటి బయటికి పోయిన బంతిని ఖతార్ ఆటగాడు కాలితో లోపలికి లాగితే, అతని సహచరుడు అయ్మెన్ దాన్ని గోల్‌లోకి పంపాడు. రెఫరీ గోల్ ఇచ్చారు. ఆ దశ పోటీల్లో వీఏఆర్ లేదు. మనం 2–1తో ఓడి మూడో రౌండ్‌కు వెళ్లలేకపోయాం. బంతి గీత దాటిందా లేదా అన్నది అభిప్రాయానికి సంబంధించినది కాదు, రీప్లే ఒక్కసారి చూస్తే తేలిపోయేది. వీడియో ఉండాలని నేను అడిగేది ఇలాంటి వాటి కోసమే.

అపోహ: మన స్థాయికి సెల్‌ఫోన్ వీడియో చాలు.

వాస్తవం: హాఫ్ టైంలో ఫెన్సింగ్ సందులోంచి ఫోన్ అందించి "ఒక్కసారి చూడుండ్రి సార్" అనే తండ్రులు నాకు కొత్త కాదు. గోల్ వెనుక నుంచి జూమ్ చేసి తీసిన ఆ వీడియోలో వాళ్ల అబ్బాయి ఉంటాడు కానీ, పాస్ ఇచ్చిన ఆటగాడు చిత్రంలోనే ఉండడు, కాబట్టి ఆఫ్‌సైడ్ తేల్చడానికి అది పనికిరాదు. పనికొచ్చేలా ఉన్నా, అధికారికంగా ఏర్పాటు చేయని వీడియోను చూసి రెఫరీ నిర్ణయం మార్చకూడదు. తక్కువ కెమెరాలతో నడిచే పోటీల కోసం ఫిఫా 2024లో ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్ అనే పద్ధతిని పరీక్షించింది. అందులో వీడియో గది ఉండదు, కోచ్‌కు ఒక్కో మ్యాచ్‌లో రెండు అభ్యర్థనలు ఉంటాయి, రెఫరీ నిర్ణయం మారితే ఆ అభ్యర్థన కోచ్‌కే మిగులుతుంది. మన రాష్ట్ర స్థాయి ఫైనల్స్‌కు ఇది ఏదో ఒకనాటికి సాధ్యపడవచ్చు. జిల్లా పోటీలకు మాత్రం, బెంచ్ మీద కూర్చున్న కుర్రాడి చేతికి ఫ్లాగ్ ఇచ్చి లైన్ మీద నిలబెట్టే అలవాటు మాని, శిక్షణ ఉన్న ఇద్దరు అసిస్టెంట్ రెఫరీలకు భత్యం ఇవ్వడమే కెమెరా కంటే ముందు జరగాల్సిన ఖర్చని నిర్వాహకులకు ప్రతి టోర్నమెంట్‌కు ముందూ చెబుతూనే ఉన్నాను.