డీజే సామానుకు ఏ బండి? అపోహలు, వాస్తవాలు

"ఇంకా జాగా ఉంది కదన్నా, ఆ రెండు బేస్ బాక్సులు కూడా ఎక్కించేద్దాం." కడపలో పదిహేనేళ్లుగా సౌండ్ సిస్టం నడుపుతున్నాను. మా పనిలో నేను అన్నిటికన్నా భయపడే మాట ఇదే. కొత్తగా సెట్టు కొన్న కుర్రాళ్లు ఏ బండి తీసుకోవాలని అడిగితే, ముందు ఉన్న సామానంతా కాటా మీద తూచి రమ్మంటాను. వాళ్లకు అది వింతగా అనిపిస్తుంది. అందుకే మా దగ్గర తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సామాను పట్టిందంటే బండి సరిపోయినట్టే.

వాస్తవం: బండిని ఎంచుకోవాల్సింది బరువును బట్టి. చిన్న పెళ్లి సెట్టునే తీసుకుందాం. రెండేసి 18 అంగుళాల స్పీకర్లున్న బేస్ బాక్సు ఒక్కొక్కటి దాదాపు 90 కిలోలు తూగుతుంది. అలాంటివి నాలుగంటే 360. బేస్‌ల మీద పెట్టే స్పీకర్ బాక్సులు, అంటే టాప్‌లు, నాలుగు 160. ఆంప్లిఫయర్ల ర్యాక్ 150. వైర్లు, స్టాండ్లు, మిక్సర్ కలిపి 80. లైట్లు, అవి తగిలించే చట్రం (ట్రస్సు) 150. మొత్తం 900 కిలోలు. టాటా ఏస్ మోసే బరువు మోడల్‌ను బట్టి మారుతుంది కానీ, చాలావాటికి 750 కిలోల దగ్గర ఉంటుంది. సామాను చక్కగా పట్టేస్తుంది, పైన టార్పాలిన్ కూడా కప్పేస్తాం, బండి మాత్రం అప్పటికే మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోస్తూ ఉంటుంది. ఇందులో జనరేటర్ లేదు. 15 కేవీఏ సైలెంట్ జనరేటర్ ఒక్కటే ఏడెనిమిది వందల కిలోలు. దానికి వేరే బండి పెట్టాల్సిందే.

ఆర్‌సీలో రెండు బరువులు రాసి ఉంటాయి: ఖాళీ బండిది ఒకటి, నిండు బండిది ఒకటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మనం ఎక్కించదగ్గ బరువు. డ్రైవరు, పక్కన కూర్చునేవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు. నేను పికప్ కొన్న మొదటి ఏడాది ఈ లెక్క వేయలేదు. ఎర్రగుంట్ల వైపు ఒక కార్యక్రమానికి వెళ్తూ, నాపరాళ్ల లారీలు తూచే కాటా కనిపిస్తే ఆగి బండి ఎక్కించాను. చీటీ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాను. 380 కిలోలు ఎక్కువ. అందులో 260 కిలోలు బాక్సులు కదలకుండా నేనే వెల్డింగ్ చేయించిన ఇనుప గూడుది. ఆ చీటీ ఇప్పటికీ ఆర్‌సీతో పాటే ఉంది.

అపోహ: వెనక రెండు కమాను పట్టీలు ఎక్కువ వేయిస్తే బండి బలపడుతుంది.

వాస్తవం: బండి వెనక కిందికి కుంగడం తగ్గుతుంది, అంతే. బ్రేకులు, యాక్సిల్, చాసిస్ పాతవే. రాయచోటిలో పెళ్లి ముగించుకుని తెల్లవారుజామున గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కువ బరువుతో దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే లైనింగ్ వేడెక్కి, బ్రేకు పట్టు తగ్గిపోతుంది. కాలిన వాసన క్యాబిన్‌లోకి వచ్చిందంటే అప్పటికే ఆలస్యం చేశామన్నమాట. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బాక్సులు ఎంత ఖరీదైనవైనా సరే, నేను డ్రైవరును తొందరపెట్టను.

పట్టీలు పెంచితే ఖాళీగా వెళ్లేటప్పుడు బండి ఎత్తేస్తుంది కూడా. సగం సామానుతో వెళ్లే రోజుల్లో ఆ అదురుకు ఆంప్లిఫయర్ల లోపల స్క్రూలు వదులవుతాయి. ఎన్ని పట్టీలు వేయించినా ఆర్‌సీలో బరువు మారదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. సామాను బండి అంచులు దాటి బయటికి పొడుచుకొచ్చినా 20,000 రూపాయల జరిమానా ఉంది.

అపోహ: బేస్ బాక్సులు చివర్లో ఎక్కిస్తే ముందు దించుకోవచ్చు.

వాస్తవం: సౌకర్యమే కానీ, బరువంతా వెనక చక్రాల అవతలికి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది. బేస్‌లు, ర్యాక్ కింద, క్యాబిన్ వైపు ఉండాలి. టాప్‌లు వాటి మీద. నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి పిడి తిప్పి బిగించే రాచెట్ బెల్టులు వాడండి. పది కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆగి మళ్లీ బిగించండి.

అపోహ: సొంత కారు సీట్లు తీసేసి వాడుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

వాస్తవం: తెల్ల నంబరు ప్లేటు బండిలో బాడుగ సామాను తిప్పడం, ఆర్‌సీలో ఉన్న రూపాన్ని మార్చడం రెండూ చట్టానికి విరుద్ధమే. ప్రమాదం జరిగితే బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. పసుపు ప్లేటు బండి అనగానే చాలామంది పర్మిటు అంటూ భయపడతారు. నిండు బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిటు అక్కర్లేదు. ఫిట్‌నెస్, బీమా మాత్రం ఉండాలి. 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపవచ్చని 2024లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

అయితే మొదటి రెండేళ్లు సొంత బండి కొనకండి అనే నా సలహా. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, బండి అప్పు కంతులు మాత్రం ఆగవు. నెలకు ఐదారు కార్యక్రమాలు ఖాయంగా ఉంటే తప్ప బాడుగ బండే మేలు.

అపోహ: మన పనికుర్రాళ్లు పైన కూర్చుంటే బాక్సులు కదలకుండా పట్టుకుంటారు.

వాస్తవం: దీని గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు పెరుగుతుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు బీమా సంస్థ పరిహారం చెల్లించనక్కర్లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ భారం యజమానిదే. మన పనివాళ్లలో ఎంతమందికి ప్రీమియం కట్టామో కూడా పాలసీలో చూసుకోవాలి.

డబ్బు మాట అలా ఉంచండి. మన పల్లెల్లో వీధికి అడ్డంగా కరెంటు తీగలు వేలాడుతుంటాయి. బాక్సుల మీద నిలబడ్డ కుర్రాడు వెదురు కర్రతో తీగను పైకెత్తి, "పోనీ అన్నా, పోనీ" అని అరుస్తుంటాడు. కింద నుంచి చూసేవాళ్లకు అది ధైర్యంలా కనిపిస్తుంది. వాన పడి కర్ర తడిసి ఉంటే ఏమవుతుందో ఊహించండి. నా బండి మీద ఇంకెవరూ అలా నిలబడరు. కుర్రాళ్లు వేరే ఆటోలో వస్తారు. ఆ బాడుగను కొటేషన్‌లోనే కలుపుతాను. సామాను ఎక్కించాక నేల నుంచి పైబాక్సు వరకు టేపుతో కొలిచి, ఆ అంకెను సుద్దతో క్యాబిన్ తలుపు లోపల రాస్తాను. ఊరేగింపు ఒప్పుకునేటప్పుడు పెళ్లివారిని అడిగే మొదటి ప్రశ్న, మీ వీధిలో అన్నిటికన్నా కిందికి వేలాడే తీగ ఎంత ఎత్తులో ఉంది అని. అది తెలిశాకే బండిలో బాక్సులు ఎన్ని వరుసలు పేర్చాలో చెబుతాను.