హైతీ స్వాతంత్ర్యానికి వెల: ఆ లెక్క ఎందుకు ఇంకా తేలలేదు?

2025 ఏప్రిల్ 17న ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ రెండు దేశాల చరిత్రకారులతో ఒక సంయుక్త కమిషన్‌ను ప్రకటించడంతో, కరీబియన్ సముద్రంలోని తన పాత వలస హైతీ దగ్గర ఫ్రాన్స్ వసూలు చేసిన పరిహారం గొడవ మళ్లీ రాజుకుంది. అప్పుడే పుట్టిన ఒక దేశపు స్వేచ్ఛకు ఫ్రాన్స్ వెల కట్టిందని ఆయన ఒప్పుకున్నారు. తీసుకున్న సొమ్ము తిరిగి ఇస్తామని మాత్రం అనలేదు. ఎంత తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు, అది ఎప్పటికి తీరింది అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఇప్పటి వాదమంతా తిరుగుతోంది.

1791 బానిసల తిరుగుబాటు, వెర్తియేర్ దగ్గర నెపోలియన్ సేనల ఓటమి, 1804 జనవరి 1న హైతీ సేనాని దెసలీన్ చేసిన స్వాతంత్ర్య ప్రకటన చాలామందికి తెలిసినవే. నేటి తగాదాకు మూలం వాటిలో లేదు. 1825లో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 17న ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ మూడే మూడు అధికరణాలతో ఒక శాసనం జారీ చేశాడు. ఓడరేవుల్లో ఫ్రెంచి నౌకల నుంచి మిగతావాళ్లు కట్టేదాంట్లో సగం సుంకమే వసూలు చేయాలి. పాత తోటల యజమానులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులను ఐదు సమాన వాయిదాల్లో కట్టాలి. ఈ షరతులకు లోబడితే స్వాతంత్ర్యం. తొలి వాయిదా గడువు అదే ఏడాది డిసెంబరు 31. జులైలో మకో అనే నౌకాదళ అధికారి ఆ కాగితం పట్టుకుని హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో దిగాడు. ఆయన వెనక 14 యుద్ధనౌకలు, 500కు పైగా ఫిరంగులు. ఒప్పుకోకపోతే రేవుల దిగ్బంధమే. హైతీ అధ్యక్షుడు బ్వాయే జులై 11న లాంఛనంగా ఒప్పుకున్నాడు.

15 కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? 1823లో హైతీ ఎగుమతుల విలువను 3 కోట్ల ఫ్రాంకులుగా తీసుకున్నారు. సాగు ఖర్చుల కింద సగం తీసేశారు. మిగిలిన కోటిన్నరను పదితో హెచ్చించారు. అంటే విముక్తులైన మనుషులు సొంత చేతులతో పండించిన కాఫీ మీద వచ్చే పదేళ్ల లాభాన్ని పాత యజమానుల పేర రాశారు. ఆ యజమానులు పోగొట్టుకున్నామని చూపిన ఆస్తి విలువలో బానిసల వెల కూడా కలిసే ఉంది. 1803లో అదే ఫ్రాన్స్ 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన లూసియానాను అమెరికాకు 8 కోట్ల ఫ్రాంకులకు అమ్మింది. హైతీ విస్తీర్ణం 28 వేల చదరపు కిలోమీటర్లు కూడా లేదు.

అసలు మలుపు సంతకం పెట్టిన రోజున రాలేదు, తొలి వాయిదా కట్టే రోజున వచ్చింది. ఆ వాయిదా 3 కోట్ల ఫ్రాంకులు, ఏడాది ప్రభుత్వ రాబడికి దాదాపు ఆరు రెట్లు. ఖజానాలో అంత లేదు. అందుకని పారిస్ బ్యాంకర్ల దగ్గరే అప్పు చేయాల్సి వచ్చింది. వెయ్యి ఫ్రాంకుల ముఖవిలువతో 30 వేల బాండ్లు జారీ చేసి, ఒక్కోటి 800కే అమ్మారు. ముందే కోసుకుని చేతికిచ్చే డైలీ ఫైనాన్స్ పద్ధతే ఇది. హైతీ ఖాతాలో పడింది 2.4 కోట్లు, మెడకు చుట్టుకున్నది 3 కోట్లు. 6 శాతం వడ్డీ కూడా 3 కోట్ల మీదే, అంటే చేతికొచ్చిన సొమ్ము మీద ఏడున్నర శాతం. తీర్చే గడువు 25 ఏళ్లు. వాయిదాకు తగ్గిన మిగతా సొమ్ము కోసం ఖజానాలోని 53 లక్షలు ఊడ్చి ఇచ్చినా ఇంకో 7 లక్షలు బాకీ మిగిలింది. పరిహారం ఒకటి, దాన్ని కట్టడానికి చేసిన అప్పు ఇంకొకటి. హైతీ చరిత్రకారులు దీన్ని జంట అప్పు అంటారు. దీన్ని అర్థం చేసుకోకుండా ఇప్పటి వాదనల్లో ఏదీ అర్థం కాదు.

రెండో వాయిదాకే చేతులెత్తేయాల్సి వచ్చింది. 1826లో బ్వాయే ఆ పరిహారాన్ని జాతీయ రుణంగా ప్రకటించి, ప్రజల మీద ప్రత్యేక పన్ను వేశాడు. అదే ఏడాది గ్రామీణ స్మృతి అనే చట్టం తెచ్చి, రైతుకూలీలు తోట వదిలి వెళ్లకుండా కట్టడి చేశాడు. బానిసత్వాన్ని తెంచుకున్న వాళ్ల పిల్లల్ని మళ్లీ భూమికి కట్టేసింది ఈ వాయిదాల ఒత్తిడే. వెండి, బంగారం దేశం దాటిపోతుంటే కాగితపు డబ్బు అచ్చువేశారు. అప్పట్లో హైతీ ఏలుబడిలో ఉన్న ద్వీపపు తూర్పు భాగం మీదా భారం పడింది. 1844లో ఆ భాగం విడిపోయి డొమినికన్ రిపబ్లిక్ కావడానికి ఈ పన్నుల మీది కోపం కూడా ఒక కారణం.

ఫ్రాన్స్ వైపు వాదన ఇలా ఉంటుంది: పరిహారం ప్రస్తావన మొదట తెచ్చింది హైతీయే, 1814లో దక్షిణ భాగాన్ని ఏలుతున్న అధ్యక్షుడు పెతియోం. అది నిజమే. అదే సమయంలో ఉత్తర భాగాన్ని ఏలుతున్న క్రిస్టోఫ్ ససేమిరా అన్నాడన్నదీ నిజమే. 1838 ఫిబ్రవరిలో ఇరుపక్షాలూ ఒప్పందం చేసుకుని మిగిలిన 12 కోట్లను 6 కోట్లకు తగ్గించుకున్నాయన్నది రెండో వాదన. ఏడాదికి 15 లక్షలతో మొదలై 30 లక్షలకు పెరిగే వాయిదాల్లో, 30 ఏళ్లలో కట్టాలని అందులో రాసుకున్నారు. అయితే ఆ తగ్గింపు పరిహారానికే. బ్యాంకర్ల బాండ్ల అప్పుకు అది వర్తించలేదు.

ఆ తర్వాత పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయడం రివాజైంది. 1875లో పారిస్ బ్యాంకు క్రెడి ఇందుస్త్రియెల్ ఎ కొమెర్సియల్ ఇప్పించిన రుణంలో 40 శాతం కమీషన్లకు, రుసుములకే పోయింది. కొంత హైతీ అధికారుల జేబుల్లోకీ వెళ్లింది. దాన్ని దాచాల్సిన పని లేదు. 1880లో అదే బ్యాంకు హైతీ జాతీయ బ్యాంకును నెలకొల్పి ఖజానాను తన చేతుల్లోకి తీసుకుంది. 1911లో కాఫీ సుంకాల మీద వచ్చిన ప్రతి 3 డాలర్లలో 2.53 డాలర్లు ఫ్రెంచి మదుపరుల అప్పుకే పోయాయి. 1914 డిసెంబరులో అమెరికా మెరీన్లు ఆ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కు తరలించారు. మరుసటి ఏడాది దేశాన్నే ఆక్రమించి, 1934 దాకా ఉన్నారు. 1922లో న్యూయార్క్ బ్యాంకు ఇచ్చిన రుణంతో ఫ్రెంచి అప్పులు తీర్చారు. ఆ రుణం తీరింది 1947లో.

1825 పరిహారం, దాని కోసం చేసిన తొలి అప్పు కలిపి 64 ఏళ్లలో 11.2 కోట్ల ఫ్రాంకులు కట్టినట్టు 2022లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తేల్చింది. అంతకు చాలా ముందే, 2003 ఏప్రిల్‌లో, హైతీ అధ్యక్షుడు అరిస్టీడ్ వడ్డీతో కలిపి 21,68,51,35,571 డాలర్ల 48 సెంట్లు అడిగారు. ఆ 48 సెంట్లను పట్టుకుని చాలామంది నవ్వారు. అడుగుతున్నది దానం కాదు, రశీదు ఉన్న బాకీ అని చెప్పడానికే ఆయన సెంట్ల దాకా వెళ్లారు. 2004 జనవరిలో ఫ్రాన్స్ ప్రభుత్వం వేసిన దెబ్రే కమిటీ ఆ కోరికకు చట్టపరమైన ఆధారం లేదంది. ఫిబ్రవరి 29న అరిస్టీడ్ పదవి పోయింది. 2015 మేలో ఫ్రాన్స్ కరీబియన్ దీవి గువాదెలూప్‌లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు హోలాండ్ అప్పు తీరుస్తామన్నారు. అది నైతికమైన అప్పు మాత్రమేనని కొన్ని గంటల్లోనే ఆయన సిబ్బంది సవరించారు.

ఇప్పుడు కమిషన్ ముందున్న లెక్క ఇది. 1838 ఒప్పందం ప్రకారం పరిహారం 9 కోట్లనుకుని (తొలి వాయిదా 3 కోట్లు, తగ్గించాక మిగిలిన 6 కోట్లు కలిపి) అక్కడ గీత గీస్తే, పారిస్ బ్యాంకర్ల వాటా లెక్కలోంచి జారిపోతుంది. 1825 బాండ్లను, 1875 రుణాన్ని, 1947 దాకా సాగిన గొలుసును కలిపితే ఫ్రెంచి ప్రభుత్వంతో పాటు బ్యాంకులూ జవాబు చెప్పాలి. హైతీ వాళ్లు అడుగుతున్నది ఈ రెండో లెక్క.